తవ్వకం నుండి సభామందిరం దాకా

పురావస్తు తవ్వకం ఒక విధమైన విధ్వంసమేనన్నది ఆ శాస్త్రాన్ని అభ్యసించేవారికి తొలినాళ్ళలోనే బోధించే విషయం. ఒక ఊరు వందల ఏళ్ళు నిలిచి, కాలిపోయి, మళ్ళీ లేచి, చివరకు పాడుబడి దిబ్బగా మారినప్పుడు ఆ దిబ్బలో ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క మట్టిపొర ఏర్పడుతుంది. సాధారణంగా కింది పొర పాతది, పై పొర కొత్తది. ఒక పూస ఏ పొరలో, ఏ కుండపెంకు పక్కన దొరికిందన్న దాన్ని బట్టే దాని కాలమూ వాడుకా నిర్ణయమవుతాయి. అయితే కింది పొరను చేరాలంటే పై పొరను తొలగించక తప్పదు, తొలగించిన పొరను తిరిగి యథాస్థానంలో పేర్చడం ఎవరి తరమూ కాదు. అందువల్ల తవ్వకం ముగిసేసరికి అక్కడ మిగిలేది చాలావరకు గొయ్యి మాత్రమే. ఆ స్థలపు చరిత్ర తవ్వినవారి నోటుపుస్తకాల్లోకి, కొలతల పటాల్లోకి, ఛాయాచిత్రాల్లోకి, పెట్టెల్లో భద్రపరచిన వస్తువుల్లోకి తరలిపోతుంది. అక్కడి నుండి అది నలుగురికీ చేరకపోతే ఆ స్థలం రెండోసారి పూడిపోయినట్లే, ఈసారి తవ్వి తీయడానికి కూడా వీలులేని విధంగా.

తవ్వినవారు ఈ ఋణాన్ని తీర్చుకునే మార్గాలు ప్రధానంగా రెండు. మొదటిది నివేదిక, అంటే పొరల వివరాలు, కొలతలు, వస్తువుల జాబితాలతో తోటి పండితుల కోసం అచ్చువేసే గ్రంథం. రెండోది ఏ శిక్షణా లేని సామాన్యులను ఒకచోట కూర్చోబెట్టి, ఏమి దొరికిందో, దాన్ని బట్టి ఏమి తెలిసిందో వివరించే బహిరంగోపన్యాసం. ఈ రెండోదాన్ని పరిశోధన ముగిశాక తీరిక వేళల్లో చేసే అదనపు పనిగా భావించడం పరిపాటి. ప్రాచీన ప్రపంచాన్ని వెలికితీసిన ప్రయత్నాల చరిత్రను పరిశీలిస్తే ఆ భావన నిలవదు. పందొమ్మిదో శతాబ్దంలో ఈజిప్టు, మెసొపొటేమియా దేశాల తవ్వకాలకు కావలసిన డబ్బునూ, జనాభిమానాన్నీ సమకూర్చినవాటిలో ఉపన్యాసాలు ముఖ్యమైనవి. ఎక్కడ తవ్వాలి, దేనికోసం వెదకాలి అన్న నిర్ణయాల్లో కూడా శ్రోతల కుతూహలానికి వాటా ఉన్నది.

భారతదేశంలో ఈ సంప్రదాయానికి తొలి రూపం 1784లో కలకత్తాలో విలియం జోన్స్ స్థాపించిన ఏషియాటిక్ సొసైటీ వార్షికోపన్యాసాలలో కనిపిస్తుంది. 1793 నాటి పదో వార్షికోపన్యాసంలో జోన్స్ చేసిన ప్రతిపాదన, ఒక ఉపన్యాసం ఒక దేశపు కాలక్రమాన్నే ఎలా నిలబెట్టగలదో చూపుతుంది. గ్రీకు రచయితలు పాలిబోత్ర అనే మహానగరం గంగ, ఎరన్నొబోవస్ అనే నదుల సంగమస్థలంలో ఉన్నదని రాశారు. ఆ నగరం పాటలీపుత్రమేనని అనుకోవడానికి నది పేరు అడ్డువచ్చింది. శోణనదికి సంస్కృతంలో హిరణ్యబాహువు అనే పేరు కూడా ఉన్నదని గమనించిన జోన్స్, ఎరన్నొబోవస్ దాని గ్రీకు ఉచ్చారణే అని గుర్తించి, అక్కడి నుండి గ్రీకులు చెప్పిన సాండ్రకొట్టొస్ చంద్రగుప్త మౌర్యుడే అన్న నిర్ణయానికి వచ్చాడు. చంద్రగుప్తుడు అలెగ్జాండర్ సేనాని సెల్యూకస్‌కు సమకాలికుడు కనుక ప్రాచీన భారత చరిత్రలో మొదటిసారి ఒక గట్టి తేదీ స్థిరపడింది. అయితే ఇంతటి విషయాన్ని విన్న ఆ సభలో భారతీయులు సభ్యులుగా లేరు. సొసైటీలో భారతీయులకు సభ్యత్వం 1829లో గాని లభించలేదు. ఎవరి గతం గురించి మాట్లాడుతున్నారో వారే వినేవారిలో లేకపోవడం ఈ సంప్రదాయంలో పదేపదే ఎదురయ్యే లోపం.

ఐరోపాలో ప్రాచీన వస్తువులు మొదట జనం ముందుకు వచ్చింది వివరణ కోసం కాదు, వింత కోసం. ఇటలీలోని పాదువాలో పుట్టిన జొవాన్ని బెల్జోని 1817లో ఈజిప్టు రాజు మొదటి సేతి సమాధిని తెరిచి, 1821లో లండన్ పికడిలీ వీధిలోని ఈజిప్షియన్ హాలులో ఆ సమాధి గదుల నమూనాలను రంగులతో సహా నిలబెట్టి ప్రదర్శించాడు. జనం తండోపతండాలుగా వచ్చారు. అప్పటికి ఆ గోడల మీది చిత్రలిపిని చదవగలిగినవారు లోకంలో ఒక్కరు కూడా లేరు. ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ తన లిపి పరిష్కారాన్ని ప్రకటించింది ఆ మరుసటి ఏడాది 1822 సెప్టెంబరులో. అంటే బెల్జోని ప్రదర్శనకు వచ్చినవారు అర్థం తెలియని అక్షరాల అందాన్ని మాత్రమే చూసి వెళ్ళారు.

ఆ తర్వాత వచ్చిన మమ్మీ ఉపన్యాసాలు ఇంతకంటె బాధాకరమైనవి. లండన్ శస్త్రవైద్యుడు థామస్ పెటిగ్రూ, వేల ఏళ్ళ నాడు సుగంధద్రవ్యాలతో భద్రపరచిన మృతదేహాల కట్లను సభలో అందరి ఎదుటా విప్పుతూ వ్యాఖ్యానించేవాడు. 1834 జనవరిలో జరిగిన ఒక సభలో చోటు చాలక కాంటర్బరీ ఆర్చిబిషప్పు అంతటివాడు వెనుదిరగవలసివచ్చింది. పెటిగ్రూ కేవలం వినోదకారుడు కాడు, అదే ఏడాది ఈజిప్టు మమ్మీల చరిత్రపై శ్రద్ధగా ఒక గ్రంథం ప్రచురించాడు. అయినా ఒక మనిషి కళేబరాన్ని, ఆ మనిషి బంధువులు భక్తితో చుట్టిన వస్త్రాలను కత్తిరించి, టికెట్టు కొన్నవారికి చూపడాన్ని జ్ఞానదానమని సమర్థించడం కష్టం. అలా విప్పిన దేహాలెన్నో తర్వాతి పరిశోధనకు పనికిరాకుండా పోయాయి; ఈనాడు వైద్యశాలల్లోని స్కానింగ్ యంత్రాలతో ఒక్క దారం తెంపకుండా లోపలి ఎముకలను, తాయెత్తులను చూడగలుగుతున్నప్పుడు ఆ నష్టం ఎంతటిదో మరింత స్పష్టంగా తెలుస్తున్నది.

వింతను చూపడం నుండి అర్థాన్ని విప్పి చెప్పడం వైపు జరిగిన మలుపును గుర్తించడానికి 1872 డిసెంబరు 3వ తేదీ సాయంకాలం లండన్‌లో జరిగిన ఒక సభను ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆనాటి వక్త జార్జి స్మిత్‌కు విశ్వవిద్యాలయ విద్య లేదు. 1840లో పుట్టి, పద్నాలుగో ఏట బ్యాంకునోట్ల ముద్రణాలయంలో చెక్కుడు పని నేర్చుకోవడానికి చేరి, మధ్యాహ్న భోజన విరామంలో బ్రిటిష్ మ్యూజియానికి వెళ్ళి అస్సీరియా మట్టిపలకలను చూస్తూ వాటి లిపిని సొంతంగా నేర్చుకున్నవాడు. ఆ లిపికి క్యూనిఫారం అని పేరు; తడిమట్టి పలక మీద రెల్లుపుడక మొనతో నొక్కితే మేకు ఆకారంలో పడే గుర్తులను కలిపి రాసే ఈ లిపిని మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాకు ప్రాంతంలో, సుమారు 3 వేల ఏళ్ళ పాటు వాడారు. మోసూల్ పట్టణం ఎదుట ఉన్న నినెవె శిథిలాలలో హెన్రీ లేయార్డ్, మోసూల్‌లోనే పుట్టి పెరిగిన హోర్ముజ్ద్ రస్సామ్ జరిపిన తవ్వకాల్లో క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దపు రాజు అషుర్‌బనిపాల్ గ్రంథాలయం బయటపడింది. వేలకొద్దీ పలకలు ముక్కలు ముక్కలుగా లండన్ చేరాయి. ఆ ముక్కలను జతపరచే ఉద్యోగం స్మిత్‌కు దొరికింది. చెక్కుడు పనిలో సన్నని గీతలకు అలవాటుపడిన కన్ను ఇక్కడ అక్కరకు వచ్చిందని భావించడంలో తప్పులేదు.

అరచేతి కంటె కాస్త పెద్దదైన ఒక పలకలో స్మిత్‌కు ఒక ఓడ కొండపై ఆగిపోవడం, అందులోనివాడు నేల ఎక్కడున్నదో తెలుసుకోవడానికి ఒక పావురాన్ని వదలడం, దానికి వాలే చోటు దొరకక తిరిగిరావడం కనిపించాయి. గిల్గమేష్ అనే వీరుని గాథలోని పదకొండో పలక అది. బైబిలులోని నోవహు జలప్రళయ కథకు ఇంత దగ్గరి కథ అన్యదేవతలను కొలిచిన బాబిలోనియావారి సాహిత్యంలో ఉండడం విక్టోరియా కాలపు ఇంగ్లండును కుదిపివేయగల విషయం. సొసైటీ ఆఫ్ బిబ్లికల్ ఆర్కియాలజీ ఏర్పాటుచేసిన ఆ సభలో స్మిత్ తన అనువాదాన్ని చదువుతుంటే విన్నవారిలో ప్రధానమంత్రి గ్లాడ్‌స్టన్ కూడా ఉన్నాడు. మత్స్యావతార గాథ, శతపథ బ్రాహ్మణంలోని మనువు, చేప కథ తెలిసిన తెలుగు పాఠకునికి ఇందులోని ఆశ్చర్యం వెంటనే అర్థమవుతుంది. అయితే పోలిక కనిపించినంతమాత్రాన ఒకటి మరొకదాని నుండి పుట్టిందని తేల్చడం ఎంత కష్టమో కూడా ఇటువంటి కథలే నేర్పుతాయి.

ఆ ఉపన్యాసం సభతో ముగియలేదు. పలకలో కొన్ని పంక్తులు లేవని స్మిత్ స్వయంగా చెప్పినందువల్ల, డెయిలీ టెలిగ్రాఫ్ పత్రిక ఆ లోటు పూడ్చడానికి నినెవెలో తవ్వకం జరపమంటూ వెయ్యి గినీలు, అంటే 1,050 పౌన్లు, ఇచ్చింది. ఈ ఏర్పాటు వెనుక ఉన్నవాడు ఆ పత్రికలో పనిచేస్తూ ఉండిన ఎడ్విన్ ఆర్నాల్డ్. కొన్నాళ్ళు పూనాలోని కళాశాలకు అధిపతిగా పనిచేసిన ఈయనే తర్వాత బుద్ధుని జీవితాన్ని ‘లైట్ ఆఫ్ ఆసియా’ అనే కావ్యంగా రాశాడు; తిరుపతి వేంకట కవులు తమ బుద్ధచరిత్రకు ఆధారం చేసుకున్నది ఆ కావ్యాన్నే. 1873 మే నెలలో స్మిత్ నినెవె మట్టిలో జలప్రళయ కథకు చెందిన ఒక ముక్కను నిజంగానే కనుగొన్నాడు. కోరినది దొరికిందని భావించిన పత్రిక తవ్వకాన్ని ఆపించింది, స్మిత్ మాత్రం ఇంకా తవ్వవలసింది ఎంతో ఉన్నదని బాధపడ్డాడు. ఆ ముక్క గిల్గమేష్ గాథలోనిది కాదనీ, అదే జలప్రళయాన్ని చెప్పే అత్రహసిస్ అనే వేరే కావ్యంలోనిదనీ తర్వాతి పండితులు తేల్చారు. మూడో యాత్రలో జబ్బుపడి 1876లో అలెప్పో నగరంలో మరణించేనాటికి స్మిత్ వయసు 36 ఏళ్ళు.

ఒక ఉపన్యాసం ఒక తవ్వకానికి దారితీస్తే, ఉపన్యాసాల పరంపర ఒక శాస్త్రానికే నిలువనీడ కల్పించగలదని నిరూపించిన వ్యక్తి అమేలియా ఎడ్వర్డ్స్. 1831లో లండన్‌లో పుట్టి, నవలలు రాసి, పత్రికల్లో పనిచేసి పేరు తెచ్చుకున్న ఆమె 1873-74 శీతకాలంలో నైలు నదిపై పడవలో ఎగువకు ప్రయాణించి అబూ సింబెల్ దాకా, ఆ పైదాకా వెళ్ళింది. ఆ యాత్రపై రాసిన ‘నైలు నదిపై వెయ్యి మైళ్ళు’ అనే పుస్తకం ఆమెను ఈజిప్టుతో శాశ్వతంగా ముడివేసింది. గోడలపై రంగులు రాలిపోవడం, యాత్రికులు తమ పేర్లు చెక్కడం, సమాధుల నుండి శకలాలు కోసి అమ్ముకోవడం కళ్ళారా చూసి వచ్చిన ఆమె కథలు రాయడం దాదాపుగా మానుకుని, 1882లో రెజినాల్డ్ స్టువర్ట్ పూల్ తదితరులతో కలిసి ఈజిప్ట్ ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ అనే సంస్థను నెలకొల్పింది. దానికి ప్రభుత్వ నిధులు లేవు. ఉన్న బలమంతా ఏటేటా చందా పంపే వేలాది సామాన్యులే. ఒక్కొక్కరికీ స్వయంగా ఉత్తరాలు రాస్తూ, పత్రికలకు వ్యాసాలు పంపుతూ, ఊరూరా ప్రసంగిస్తూ ఆమె ఆ చందాదారులను కూడగట్టింది.

1889 నవంబరు నుండి మరుసటి ఏటి వసంతం దాకా అమెరికాలో ఆమె జరిపిన పర్యటన ఈ కృషికి శిఖరం. ఆ కొద్ది నెలల్లో నూరుకు పైగా సభల్లో మాట్లాడింది. మధ్యలో కిందపడి చెయ్యి విరిగినా కట్టు కట్టించుకుని ప్రసంగాలు కొనసాగించింది. 1891లో గ్రంథరూపం పొందిన ఆ ఉపన్యాసాల విషయాలను గమనిస్తే ఆమె శ్రోతల మీద ఎంత నమ్మకం ఉంచిందో తెలుస్తుంది: పూడిపోయిన నగరాలు, ప్రాచీన ఈజిప్టు చిత్తరువులు, గ్రీకు అలంకరణ కళకు ఈజిప్టులోని మూలాలు, చిత్రలిపి, సాహిత్యం, మతం, హాట్షెప్సుట్ రాణి పుంట్ దేశానికి పంపిన నౌకాయాత్ర. నిధుల కథలతో, శాపాల కథలతో సభను రంజింపజేయడం సులువైన కాలంలో ఆమె ఒక అక్షరం ఎలా పలుకుతుందో, ఒక ఇటుక ఏ కాలానిదో ఎలా తెలుస్తుందో చెప్పడానికి పూనుకున్నది. శ్రోతను పిల్లవానిలా చూడని ఈ గౌరవమే ఆమె ఉపన్యాసాలకు ప్రాణం.

ఆ కాలపు వక్తలకు లభించిన గొప్ప సాధనం మ్యాజిక్ లాంతరు. ఒక పెట్టెలో బలమైన దీపం, దాని ముందు గాజుపలకపై ముద్రించిన చిత్రం, ఆ ముందు కటకాలు అమర్చితే చీకటి గదిలోని తెల్లని తెరపై బొమ్మ ఎన్నో రెట్లు పెద్దదై పడుతుంది. ఈ యంత్రం పదిహేడో శతాబ్దం నాటిదే అయినా, గాజుపై ఛాయాచిత్రాలను ముద్రించడం 1850 ప్రాంతంలో సాధ్యమయ్యాక, ఆక్సిజన్, హైడ్రోజన్ వాయువుల మంటలో సున్నపుకడ్డీని వేడిచేసి తెల్లని కాంతిని పుట్టించే పద్ధతి దానికి తోడయ్యాక, వెయ్యిమంది కూర్చున్న సభలో చివరి వరుసవారు కూడా కర్నాక్ ఆలయ స్తంభాలను చూడగలిగారు. దీనివల్ల ఉపన్యాసపు స్వభావమే మారింది. అంతకుముందు వక్త వర్ణించేవాడు, శ్రోత నమ్మేవాడు. ఇప్పుడు వక్త చూపిన దాన్ని శ్రోత కూడా చూస్తున్నాడు కనుక, చెప్పిన మాటకూ కనిపిస్తున్న ఆధారానికీ పొంతన ఉన్నదో లేదో చూసుకునే అవకాశం అతనికి కలిగింది.

అయితే చందాలపై నడిచే శాస్త్రానికి చిక్కులూ ఉన్నాయి. ఫండ్ తొలి తవ్వకం 1883లో ఎడ్వార్ నావిల్ జరిపినది. బైబిలులో పేర్కొన్న పీతోము నగరాన్ని గుర్తించాలన్నది దాని ఆశయం, ఎందుకంటే చందా ఇచ్చేవారిలో అధికులకు ఈజిప్టుపై ఆసక్తి పుట్టింది బైబిలు ద్వారానే. వినేవారికి నచ్చేదానికోసం వెదికితే అదే కనిపించే ప్రమాదం ఉంటుంది. ఇంతకంటె దూరం పోయిన పర్యవసానం మరొకటి ఉన్నది: తవ్వకంలో దొరికిన వస్తువులలో ఈజిప్టు ప్రభుత్వ మ్యూజియం తనకు కావలసినవి ఉంచుకోగా మిగిలినవాటిని విరాళాలిచ్చిన మ్యూజియాలకు పంచే పద్ధతి వల్ల, ఒకే సమాధిలో పక్కపక్కన ఉండవలసిన కుండలు వేరువేరు దేశాల అద్దాల బీరువాల్లోకి చేరాయి. ఆనాడు ఈజిప్టు బ్రిటిష్ సైన్యం అదుపులో ఉన్న దేశమన్న సంగతిని ఈ పంపకం గురించి ఆలోచించేటప్పుడు విస్మరించడానికి లేదు.

1892 ఏప్రిల్‌లో మరణించిన ఎడ్వర్డ్స్, స్త్రీలకు పురుషులతో సమానంగా చదువు చెప్పిన లండన్ యూనివర్సిటీ కాలేజీకి తన సొమ్మును, గ్రంథాలను, పురావస్తువులను రాసి ఇచ్చి, ఇంగ్లండులో మొట్టమొదటి ఈజిప్టు పురావస్తుశాస్త్ర ఆచార్య పదవిని నెలకొల్పింది. ఆ పదవిని అధిష్ఠించిన ఫ్లిండర్స్ పెట్రీ, సభకు చెప్పదగిన విషయం ఏది అన్న ప్రశ్నకు జవాబునే మార్చివేశాడు. ఆయన ఏటా ఈజిప్టు నుండి తిరిగిరాగానే లండన్‌లో ఆ ఏటి వస్తువులను ప్రదర్శించేవాడు. 1888లో హవారా నుండి తెచ్చిన రోమను కాలపు చిత్తరువులను చూపింది అంతకు 67 ఏళ్ళ ముందు బెల్జోని తన నమూనాలను నిలిపిన ఆ ఈజిప్షియన్ హాలులోనే. కాని పెట్రీకి బంగారం కంటె పెంకు ముఖ్యం.

నఖాదా అనే చోట 1895 ప్రాంతంలో ఆయన వేలకొద్దీ సమాధులను తవ్వాడు. వాటిలో శాసనాలు లేవు, రాజుల పేర్లు లేవు, కాలం చెప్పే ఆధారం ఒక్కటీ లేదు. కుండలు మాత్రం విస్తారంగా ఉన్నాయి. ఒక రకం కుండకు ఇరువైపులా అలల ఆకారంలో చేతిపట్టులు ఉండేవి; కొన్నింటిలో అవి పట్టుకోవడానికి వీలైన నిజమైన పట్టులు, మరికొన్నింటిలో చిన్నబోయిన గుర్తులు, ఇంకా కొన్నింటిలో కుండ సన్నని గొట్టంలా మారి పట్టు ఉండిన చోట ఒక వంకర గీత మాత్రమే మిగిలింది. ఉపయోగం కోసం పుట్టినది క్రమంగా అలంకారంగా మిగిలిపోతుంది గాని, వట్టి గీతగా పుట్టి క్రమంగా పట్టుగా ఎదగడం అరుదు. కనుక ఈ కుండలను ఒక వరుసలో పేర్చవచ్చు, వాటితో దొరికిన తక్కిన వస్తువులను కూడా అదే వరుసలో అమర్చవచ్చు. తేదీలు తెలియకపోయినా ముందువెనుకలు తేల్చే ఈ పద్ధతిని అనుక్రమ కాలనిర్ణయం అనవచ్చు. అక్షరం రానివారికైనా ఐదు కుండలు ముందుపెట్టి దీన్ని పది నిమిషాల్లో అర్థమయ్యేటట్లు చెప్పవచ్చు, విన్నవారు ఇంటికి వెళ్ళి తమ అటక మీది పాత పాత్రలను కొత్త కంటితో చూస్తారు. పురావస్తు ఉపన్యాసం ఇవ్వగలిగిన మేలైన కానుక ఇటువంటిదే: నిర్ణయం కాదు, నిర్ణయానికి వచ్చే దారి.

అటువంటి కానుకను ఊరూరా చేర్చే ప్రయత్నం అమెరికాలోనూ జరిగింది; 1879లో బోస్టన్ నగరాన ఛార్లెస్ ఎలియట్ నార్టన్ చొరవతో ఏర్పడిన ఆర్కియలాజికల్ ఇన్‌స్టిట్యూట్ 1890ల నుండి పండితులను ఊరూరా పంపి ఉపన్యాసాలు ఇప్పించే ఏర్పాటు చేసి, నేటికీ కొనసాగిస్తున్నది.

1922 నవంబరులో టూటన్‌ఖామన్ సమాధిని కనుగొన్న హొవర్డ్ కార్టర్ విషయంలో ఈ సంప్రదాయపు వెలుగూ చీకటీ రెండూ కనిపిస్తాయి. 1924లో ఆయన అమెరికా, కెనడాలలో ఉపన్యసిస్తూ హ్యారీ బర్టన్ తీసిన అద్భుతమైన ఛాయాచిత్రాలను చూపినప్పుడు సభలు కిటకిటలాడాయి. అదే సమాధి గురించిన వార్తలపై మాత్రం తవ్వకానికి పెట్టుబడి పెట్టిన కార్నార్వన్ ప్రభువు లండన్ టైమ్స్ పత్రికకు ప్రత్యేక హక్కు అమ్మివేసినందువల్ల, ఈజిప్టుకు స్వాతంత్ర్యం ప్రకటితమైన మరుసటి ఏడాదే ఆ దేశపు పత్రికలు తమ నేలలో తమ రాజు సమాధిలో ఏమి దొరికిందో లండన్ పత్రిక ద్వారా తెలుసుకోవలసిన దుస్థితి ఏర్పడింది. ఈజిప్టువారికి కలిగిన ఆగ్రహం పూర్తిగా న్యాయమైనది. కార్టర్ ఆ పర్యటనకు బయలుదేరింది కూడా ఈజిప్టు ప్రభుత్వంతో తగాదా వచ్చి సమాధిలో పని నిలిచిపోయిన సమయంలోనే.

కథ చెప్పే నేర్పు ఎక్కువైతే వచ్చే ప్రమాదానికి మార్టిమర్ వీలర్ ఉదాహరణ. ఇంగ్లండులో మెయిడెన్ కాజిల్ తవ్వకాన్ని 1934 నుండి 1937 దాకా జరుపుతూ సందర్శకులను లోపలికి రానిచ్చి అక్కడికక్కడే వివరించే పద్ధతిని ప్రోత్సహించినవాడు. 1950లలో బీబీసీ టెలివిజన్‌లో పురావస్తువులను గుర్తించే కార్యక్రమం ద్వారా ఇంటింటా పరిచితుడైనవాడు. 1944 నుండి 1948 దాకా భారత పురావస్తు శాఖకు అధిపతిగా ఉండి, తక్షశిలలో భారతీయ విద్యార్థులకు పొరలవారీ తవ్వకంలో శిక్షణ ఇచ్చినవాడు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో ఇటలీ నుండి వచ్చిన కుండల సాయంతో ఆయన స్థానికమైన చక్రాంకిత మృణ్మయపాత్రల కాలాన్ని నిర్ణయించడం వల్ల, అదే రకం పెంకులు దొరికిన అమరావతి వంటి చోట్ల కూడా కాలనిర్ణయానికి ఊతం దొరికింది. ఇంతటి నిపుణుడే మొహెంజోదారోలో దొరికిన అస్థిపంజరాలను చూసి ఆర్యుల దండయాత్రలో హతులైనవారివని ప్రచారం చేశాడు. ఆ అస్థిపంజరాలు ఒకే నాటివి కావనీ, ఊచకోతకు ఆధారం లేదనీ 1960లలో జార్జి డేల్స్ వంటివారు చూపినా, వినడానికి రక్తికట్టిన ఆ కథ జనం మనసుల్లో నుండి ఇంకా పూర్తిగా చెరగలేదు. సభలో విన్న మాటను సవరించడం అచ్చులో పడ్డ మాటను సవరించడం కంటె కష్టం.

తెలుగునేలకు ఈ చర్చ ఎంత అవసరమో అమరావతి చెబుతుంది. ఊరివారు దీపాలదిన్నె అని పిలుచుకున్న ఆ మహాస్తూపాన్ని పద్దెనిమిదో శతాబ్దపు చివరి ఏళ్ళలో కాలిన్ మెకంజీ చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మొదట మద్రాసుకు, 1859లో లండన్‌కు చేరాయి. 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞ మేరకు మిగిలిన దిబ్బనంతా ఒక్కసారిగా తొలగించడంతో, ఆ వెంటనే పరిశీలనకు వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు స్తూపం ఉండిన చోట పెద్ద గొయ్యి ఎదురైంది. పొరలు ఎవరూ రాసుకోలేదు. స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిచి బుద్ధుని జీవితంలోని ఐదు ఘట్టాలను సూచించిన ఆయక స్తంభాల గురించి ఈనాడు ఒక వక్త తెలుగువారికి చెప్పాలంటే మద్రాసు, లండన్ మ్యూజియాల్లోని రాళ్ళ బొమ్మలను తెరపై వేయవలసివస్తుంది.

నాగార్జునకొండ అందుకు భిన్నమైన గతి పొందింది. 1926లో వెలుగులోకి వచ్చిన ఆ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. అంతకుముందే మొదలుపెట్టి, 1954 నుండి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో, నీరు రాకముందే వీలైనంత తవ్వి, కొలిచి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండపైనా, తీరాన అనుపులోనూ తిరిగి నిలిపారు. ఆ లోయను ఇక ఎవరూ తవ్వలేరు. అనుపులో నిలబెట్టిన కట్టడాల్లో నాలుగువైపులా మెట్ల అరుగులతో కూడిన రంగస్థలం ఒకటి ఉన్నది. ఇప్పుడు అక్కడికి వచ్చేవారు దాన్ని కేవలం అందమైన శిథిలంగా చూసి వెళ్ళకుండా, అది ముందు ఎక్కడ ఉండేదో, ఎందుకు కదిలిందో చెప్పే మనిషి ఒకరుండాలి.

పల్లెల్లో ఈ అవసరం ఇంకా ఎక్కువ. తెలుగు రైతులకు పాటిమట్టి అంటే తెలుసు. పాడుబడిన పాత ఊళ్ళ దిబ్బల నుండి బళ్ళకెత్తి పొలాలకు ఎరువుగా తోలుకునే బూడిదరంగు మట్టి. ఆ బూడిదరంగు వందల ఏళ్ళ పొయ్యిల బూడిద, పశువుల పేడ, మనుషుల వాడుక వల్ల వచ్చినదే, అంటే బండికెక్కుతున్నది ఆ ఊరి చరిత్రే. పురాతన శిలాసమాధులను రాకాసిగుళ్ళు అని పిలుచుకునే ఊళ్ళలో వాటి రాళ్ళు గోడలకూ కట్టలకూ పోతున్నాయి. తెలియక జరిగే ఈ నష్టాన్ని చట్టం ఒక్కటే ఆపలేదు. ఎరువు కావలసిన రైతుకు ఆ మట్టిలో ఏమున్నదో అతని భాషలో, అతని ఊరి అరుగు మీద, దొరికిన పెంకునే చేత పట్టుకుని చెప్పగలిగినవారు కావాలి. అలా వినేవారు చందాదారుల కంటె గొప్ప సహాయకులు కాగలరు. గోదావరి ఒడ్డున పెద్దవాగు కలిసేచోట ఉన్న కోటిలింగాలలో వానకు కొట్టుకువచ్చి పైకి తేలిన నాణేలను ముందుగా ఏరి దాచినవారు స్థానికులే. వాటిని పరిశీలించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి బ్రాహ్మీ అక్షరాల్లో చిముక అనే పేరు చదివి, అది పురాణాలు శాతవాహన వంశ స్థాపకునిగా చెప్పే సిముకుడిదేనని అభిప్రాయపడడంతో, శాతవాహనుల తొలి స్థానం గురించిన చర్చ తెలంగాణ వైపు తిరిగింది. నేల మీద ఏరిన నాణేనికి పేరు ఉంటుంది గాని పొర ఉండదు. కోటిలింగాలలో ఆ పొరను వెదకడానికి రాష్ట్ర పురావస్తు శాఖవారు పలుగూ పారా పట్టింది ఆ నాణేలు చేతికి వచ్చిన తర్వాతనే.